ఒంటిపై దద్దు, మణికట్టు వాపు, చివరికి కన్ను: మా పాపకు బ్లౌ సిండ్రోమ్ కావచ్చంటున్నారు

పర్లాకిమిడి అమ్మ

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. మా పాపకు వచ్చే నెలతో నాలుగున్నర ఏళ్లు నిండుతాయి. పోయిన వారం విశాఖపట్నంలో కంటి వైద్యులు చూసి, దీనికి బ్లౌ సిండ్రోమ్ అనే జబ్బు ఉండవచ్చని చెప్పి, జన్యుపరీక్షకు రక్తం తీసుకున్నారు. జబ్బు పేరు కాగితం మీద రాయించుకుని వచ్చాను గాని, బస్సు పాతపట్నం చేరేసరికి వాళ్లు చెప్పినదానిలో సగం మరిచిపోయాను. ఇంట్లో వాళ్లకు ఏం చెప్పాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

మొదటినుంచి చెబుతాను. పాపకు ఎనిమిదో నెలలో ఒళ్లంతా ఆవగింజంత లేత గోధుమరంగు పొక్కులు వచ్చాయి. దురద లేదు, జ్వరం లేదు. ఒకరు గజ్జి అని పూత మందు ఇచ్చారు, మరొకరు పొడి చర్మం అని నూనె రాయమన్నారు. రెండేళ్లు దాటాక రెండు మణికట్లూ, చీలమండలూ ఉబ్బాయి. ముట్టుకుంటే పూరీపిండి ముద్దను నొక్కినట్టు మెత్తగా ఉండేవి, కాని పాప నొప్పి అనేది కాదు, వీధంతా పరుగెత్తేది. ఎముకల డాక్టరు రక్తపరీక్షలు బాగానే ఉన్నాయన్నారు. తరువాత చర్మం ముక్క తీసి పరీక్షిస్తే గ్రాన్యులోమాలు అనే కణాల ముద్దలు కనిపించాయని, టీబీ కావచ్చని ఆ మందులు మొదలుపెట్టారు. ఆరు నెలలు వాడినా వాపు తగ్గలేదు.

కంటి సంగతి మాకు తెలిసింది పోయిన నెలలోనే. మా అత్తగారు వేరుశనగ కాయలు ఒలుస్తుంటే, పాప చేట దగ్గర కూర్చుని గింజకు బదులు డొల్ల తీసుకుని నోట్లో పెట్టుకుంది. ఆటకు చేసిందనుకుని నవ్వాము. మళ్లీ అదే చేసింది, మూడోసారి వేళ్లతో తడిమి గింజను పట్టుకుంది. అప్పుడు నాకు గుండె జారింది. కన్ను ఎర్రగా లేదు, నీరు కారలేదు, పుసి లేదు. విశాఖలో చూసినవారు రెండు కళ్లలోపలా వాపు ఉందని, ఎడమకంట్లో శుక్లం మొదలైందని చెప్పారు.

మాది మేనరికం. మా ఆయన నాకు సొంత మేనమామ కొడుకు. "ముందే చెప్పాను, దగ్గర సంబంధం వద్దని" అంటూ ఇప్పుడు మా ఇంట్లో అందరి వేళ్లూ ఆ పెళ్లివైపే చూపిస్తున్నాయి. ఈ జబ్బు మేనరికంవల్లనే వచ్చిందా? మాకు పది నెలల బాబు కూడా ఉన్నాడు. వాడికీ వస్తుందా?

నేత్రవైద్యురాలు, విశాఖ

అమ్మా, పాపను నేను చూడలేదు కాబట్టి ఇదే జబ్బని గాని, కాదని గాని ఇక్కడ చెప్పలేను. మీరు రాసిన వరుస మాత్రం, అంటే మొదట చర్మం, తరువాత కీళ్లు, ఆ తరువాత కన్ను అనే వరుస, ఈ జబ్బులో సాధారణంగా కనిపించేదే. పొక్కులు తరచుగా మొదటి ఏడాదిలోనే వస్తాయి, కీళ్ల వాపు రెండు నుంచి నాలుగేళ్ల మధ్య మొదలవుతుంది, కన్ను ఆ తరువాత చేరుతుంది. ఈ మూడింటినీ ముగ్గురు వేర్వేరు వైద్యులు వేర్వేరు ఏళ్లలో చూస్తే ఎవరి చేతిలోనూ పూర్తి బొమ్మ ఉండదు. మీ పాప విషయంలో జరిగింది అదే అయి ఉంటుంది.

1985లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఎడ్వర్డ్ బ్లౌ అనే పిల్లల వైద్యుడు ఒకే కుటుంబంలో నాలుగు తరాలలో 11 మందికి కీళ్లవాపు, కంటివాపు, చర్మంపై దద్దు కలిసి ఉండటం గమనించి రాశారు. ఆయన పేరే జబ్బుకు నిలిచింది. 2001లో దీని మూలం 16వ క్రోమోజోముపై ఉండే నాడ్2 అనే జన్యువులో ఉందని తేలింది. ఈ జన్యువు తయారుచేసే ప్రోటీను మన రక్షణ కణాలలో కావలివాడి పని చేస్తుంది. బాక్టీరియా గోడ తునకలను పసిగట్టి లోపలివాళ్లను లేపడం దాని పని. ఈ జబ్బులో దొంగ రాకపోయినా కావలివాడు రాత్రంతా డప్పు కొడుతూనే ఉంటాడు, ఊరంతా కర్రలు పట్టుకుని తిరుగుతూనే ఉంటుంది. అలా ఉత్తపుణ్యానికి గుమిగూడిన కణాల ముద్దలే గ్రాన్యులోమాలు. అవి చర్మంలో చేరితే పొక్కులు, కీళ్ల పొరల్లోను, స్నాయువుల చుట్టూను చేరితే మీరు చెప్పిన మెత్తటి వాపు, కంటి మధ్యపొరలో చేరితే యువైటిస్.

కన్ను ఎర్రబడకపోవడం గురించి అందరూ గమనించవలసిన మాట ఒకటుంది. పెద్దవాళ్లలో యువైటిస్ వస్తే కన్ను ఎర్రబడి, వెలుగు చూడలేక, నొప్పితో డాక్టరు దగ్గరకు పరుగెత్తిస్తుంది. చిన్నపిల్లల్లో వచ్చే ఈ నిదానపు రకంలో కన్ను పాలలా తెల్లగా ఉండి కూడా లోపల కాలుతూ ఉంటుంది. నాలుగేళ్ల పిల్లకు తన చూపు తగ్గిందని తెలియదు, ఎందుకంటే మిగతావాళ్లు ఎంత స్పష్టంగా చూస్తారో దానికి తెలియదు కదా. స్లిట్ ల్యాంప్ అనే యంత్రంతో సన్నని కాంతిరేఖను కంట్లోకి పంపితే, కిటికీ సందులోంచి పడే ఎండలో దుమ్ము తేలినట్టు కణాలు కనిపిస్తాయి. నల్లగుడ్డు లోపలివైపు నేతిచుక్కల్లాంటి మందపాటి మచ్చలు ఉంటాయి. టార్చిలైటుతో చూసి "బాగానే ఉంది" అంటే ఆ మాటకు విలువ లేదు.

మేనరికం ప్రశ్నకు విడిగా జవాబు రాస్తాను. దానికి ముందు మీ ఇంటి సంగతులు కొన్ని కావాలి.

గుణుపురం కుర్రాడు

అక్కా, నేను ఇదే జబ్బుతో పుట్టినవాణ్ణి. వయసు ముప్ఫై దాటింది కాబట్టి కుర్రాడినని చెప్పుకోవడం కొంచెం ఎక్కువే. చిన్నప్పుడు నాకు పిల్లల కీళ్లవాతం అని, తరువాత సార్కాయిడ్ అని పేర్లు పెట్టారు. అసలు పేరు తెలిసేసరికి నేను ఇంటర్ చదువుతున్నాను. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది, కుడికన్ను పరవాలేదు, ఎడమకంట్లో నీటికాసులవల్ల పక్కచూపు పోయింది. అయినా ఈ ఉత్తరం నేనే టైపు చేస్తున్నాను, ఎవరి సాయమూ లేదు.

డాక్టరుగారు అడగబోయేది నేనే అడిగేస్తాను. మీ ఆయనకు గాని, వాళ్ల నాన్నగారికి గాని చేతివేళ్లు పూర్తిగా చాచడానికి రాకపోవడం ఉందా? బల్లమీద అరచేయి బోర్లా పెట్టమనండి. వేలి మధ్యకణుపు దగ్గర కింద గాలి ఆడుతుందేమో చూడండి. నా చిటికెన వేళ్లు రెండూ కొడవళ్లలా ఉంటాయి.

పర్లాకిమిడి అమ్మ

తమ్ముడూ, మీ మాట చదివి ఆయన్ని అప్పుడే బల్ల దగ్గర కూర్చోబెట్టాను. రెండు చేతుల చిటికెన వేళ్లూ, ఎడమచేతి ఉంగరపు వేలూ బల్లకు ఆనలేదు. ఆయన మా ఊళ్లో కొమ్ముబొమ్మల పనికి వెళ్తారు. వేడిచేసిన కొమ్మును గట్టిగా పట్టుకుని ఆకురాయితో రుద్ది రుద్ది వేళ్లు అలా వంగిపోయాయని ఆయనా అనుకుంటున్నారు, మేమూ అనుకుంటున్నాము. ఇప్పుడు అడిగితే, పనిలో చేరకముందు బడిలో కూడా అలాగే ఉండేవని, పలక సరిగ్గా పట్టుకోలేదని మాస్టారు కొట్టేవారని చెప్పారు.

మా మామగారు నలభై ఏళ్లకే చూపు పోగొట్టుకున్నారు. చిన్నతనంలో అమ్మవారు పోసి కళ్లు దెబ్బతిన్నాయని ఇంట్లో చెప్పుకునేవారు. ఆయన ఫోటో గోడమీదనుంచి దింపి చూశాను. ముఖం మీద ఒక్క మశూచి మచ్చ లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు, వేళ్లు పిడికిలిలా ముడుచుకుని ఉన్నాయి.

నేత్రవైద్యురాలు, విశాఖ

అమ్మా, ఆ ఫోటోను వచ్చేసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు తప్పకుండా తీసుకుని వెళ్లండి. వైద్యులు నవ్వరు, జాగ్రత్తగా చూస్తారు.

ఇప్పుడు మేనరికం. దగ్గర సంబంధంవల్ల పెరిగే జబ్బులు వేరే తరహావి. వాటిలో తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి, రెండు చెడిన జన్యువులూ బిడ్డలో కలిస్తేనే జబ్బు వస్తుంది. ఒకే తాతకు మనవలైన ఇద్దరు పెళ్లిచేసుకుంటే అలా కలిసే అవకాశం పెరుగుతుంది. బ్లౌ సిండ్రోమ్‌లో ఒక్క చెడిన జన్యువు చాలు, అది సాధారణంగా తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరినుంచి వస్తుంది. మీ ఆయన ఏ ఊరి అమ్మాయిని, ఎంత దూరపు సంబంధం చేసుకున్నా లెక్క ఇదే ఉండేది: ప్రతి కాన్పులోనూ సగానికి సగం. కొందరు పిల్లల్లో తల్లిదండ్రులిద్దరికీ ఏ మార్పూ లేకుండానే కొత్తగా పుట్టుకొస్తుంది. అందువల్ల మీ పెళ్లిని తప్పుపట్టడానికి ఈ జబ్బులో ఆధారం లేదు. మీ అత్తగారికి ఈ పేరా చదివి వినిపించండి, కాని మామగారి ఫోటో చూపిస్తూ చదవకండి. నింద ఒకరి దగ్గరనుంచి ఇంకొకరి దగ్గరకు మారడం తప్ప ప్రయోజనం ఉండదు.

ఒకే మార్పు ఉన్న తండ్రికి వేళ్లు మాత్రమే వంగి, కూతురికి కళ్లు దెబ్బతినడం ఈ జబ్బులో వింత కాదు. తీవ్రత ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా ఉంటుంది. మీ ఆయన కళ్లకు ఏ బాధా లేకపోయినా కనుపాపను పెద్దదిచేసే చుక్కలు వేయించుకుని లోపలి పొరలు చూపించుకోవాలి. బాబుకు ఒంటిమీద పొక్కులు ఉన్నాయేమో వెలుతురులో చూడండి. పాప పరీక్షలో మార్పు దొరికితే, బాబుకు ఆ ఒక్క మార్పు ఉందో లేదో చూడటం తేలిక.

రాయగడ మాస్టారు

నేను వైద్యుణ్ణి కాను, ఒడియా మాధ్యమం ప్రాథమిక పాఠశాలలో ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్నవాణ్ణి. నాకు తెలియక చేసిన ఒక తప్పు ఇక్కడ చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం మా రెండో తరగతిలో యువైటిస్ ఉన్న అబ్బాయి ఒకడు ఉండేవాడు. వాడు ఒక వారం నల్లబల్ల మీది రాత చదివేవాడు గాని పుస్తకం చదవలేకపోయేవాడు, కిటికీ పక్కన కూర్చుంటే కళ్లు మూసుకునేవాడు, మరుసటి నెలలో అన్నీ మామూలుగా చదివేవాడు. నేను దాన్ని నటన అనుకుని రెండుసార్లు బెంచీ ఎక్కించాను. తరువాత వాళ్ల అమ్మ చుక్కలసీసా తెచ్చి చూపించి, ఈ మందు వేస్తే కనుపాప పెద్దదవుతుందని, దగ్గరి చూపు మసకబారుతుందని చెప్పింది. ఆ మధ్యాహ్నం భోజనం సయించలేదు.

పాపను బడిలో వేసేటప్పుడు ఏ మందు వేస్తున్నారో, ఆ మందు వేసిన రోజుల్లో పిల్ల ఏం చేయలేదో రెండు ముక్కలు రాసి ఉపాధ్యాయుడికి ఇవ్వండి. మా వాళ్లలో చాలామందికి "కంటిజబ్బు" అంటే కండ్లకలకే గుర్తొస్తుంది, అంటుకుంటుందని వెనుక బెంచీకి పంపేస్తారు. పంపవలసింది ముందు బెంచీకి.

బరంపురం పెద్దమ్మ

అమ్మాయీ, పెద్దదాన్ని కాబట్టి చెబుతున్నాను. మా కాలంలో కంట్లో నంద్యావర్తం పూల రసమో, చనుబాలో పిండితే చల్లబడేది. ఈ స్టెరాయిడ్ చుక్కలు పసిపిల్ల కంట్లో గంటగంటకూ వేస్తే ఉన్న చూపు కూడా పోతుందని మా పక్కింటివాళ్లు అనుభవంతో చెబుతున్నారు. ఒకసారి ఆలోచించు.

గుణుపురం కుర్రాడు

పెద్దమ్మా, మీ ప్రేమకు దండం. నా కంట్లో కూడా మా నాయనమ్మ పూలరసం పిండింది. ఆ తరువాత నల్లగుడ్డు మీద పుండుపడి నెలరోజులు ఆసుపత్రిలో ఉన్నాను. దానికీ, బ్లౌ జబ్బుకూ సంబంధం లేదు, అది అదనంగా కొనుక్కున్న బాధ.

నేత్రవైద్యురాలు, విశాఖ

పెద్దమ్మగారి భయంలో సగం నిజం ఉంది కాబట్టి ఆ సగాన్ని ఒప్పుకుంటాను. స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి వాడితే కంటిలో ఒత్తిడి పెరగవచ్చు, శుక్లం రావచ్చు. కాని లోపలి వాపును అదుపు చేయకుండా వదిలేసినా అవే రెండూ వస్తాయి. వాటితోపాటు కనుపాప చుట్టూ ఉండే ఐరిస్ అనే పొర కటకానికి అతుక్కుపోవడం, నల్లగుడ్డు మీద సున్నపు పట్టీలాంటి పొర ఏర్పడటం, రెటీనా మధ్యభాగం ఉబ్బడం కూడా వస్తాయి. అందుకే చుక్కలతో మంటను గబగబా ఆర్పి, ఆ తరువాత చుక్కలు తగ్గించుకోవడానికి వీలుగా వేరే మందు మీదకు మారుస్తాము. మొదటిది సాధారణంగా మెథోట్రెక్సేట్. దానితో సరిపోకపోతే అడాలిముమాబ్ అనే ఇంజక్షన్. అమెరికాలో పిల్లల యువైటిస్‌కు దీన్ని రెండేళ్లు దాటినవారికి వాడటానికి 2018లో అనుమతి వచ్చింది. మన దేశంలో 2014 డిసెంబరులోనే జైడస్ సంస్థ దీనికి సమానమైన మందును తక్కువ ధరకు తెచ్చింది.

చుక్కలు వేసే పద్ధతి కూడా చెబుతాను, ఎందుకంటే సగం సీసా చెంపల మీదే పోతుంది. పాపను వెల్లకిలా పడుకోబెట్టి కళ్లు మూసుకోమనండి. ముక్కు పక్కన కంటిమూల గుంటలో ఒక చుక్క వేయండి. ఇప్పుడు కన్ను తెరవమంటే మందు దానంతట అదే లోపలికి జారుతుంది, పెనుగులాట ఉండదు. ప్రెడ్నిసోలోన్ అసిటేట్ చుక్కల్లో మందు అడుగున పేరుకుంటుంది కాబట్టి ప్రతిసారీ సీసాను బాగా కుదపాలి. కుదపకపోతే మొదటి వారం నీళ్లు, చివరి వారం సున్నం వేసినట్టవుతుంది. రెండు రకాల చుక్కల మధ్య ఐదు నిమిషాలు ఆగండి.

సిరొంచ మేనమామ

మాది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ. ప్రాణహిత అవతల తెలంగాణ, ఇవతల మేము, ఇంట్లో మాత్రం తెలుగే. మా మేనల్లుడికి బ్లౌ లేదు, కీళ్లవాతంతో వచ్చిన యువైటిస్. మందు మాత్రం డాక్టరుగారు పైన రాసిన మెథోట్రెక్సేటే కాబట్టి మా ఇంట్లో జరిగింది చెబుతాను.

హైదరాబాదులో వైద్యులు మాత్రను వారానికి ఒకసారి వేయమని రాశారు. ఇంటికి వచ్చాక కవరు పోయింది. ఊళ్లో మందుల దుకాణంలో పాత చీటీ చూసి ఇచ్చిన అబ్బాయి అలవాటుగా కవరు మీద "రోజుకు ఒకటి" అని రాసేశాడు. మా చెల్లెలు మరాఠీ చదవగలదు, ఇంగ్లీషు రాదు, కవరు మీద రాసినదాన్నే నమ్మింది. ఐదు రోజులు వేసింది. ఆరో రోజు పిల్లవాడికి నోరంతా పూసి, మంచినీళ్లు కూడా మింగలేకపోయాడు. తెల్లకణాలు పడిపోయాయని పది రోజులు ఆసుపత్రిలో ఉంచారు. దేవుడి దయవల్ల గట్టెక్కాడు. అప్పటినుంచి మా ఇంట్లో గోడ క్యాలెండరులో ప్రతి ఆదివారం మీద ఎర్రసిరాతో చుక్క పెట్టి, మాత్ర వేశాక ఆ చుక్క చుట్టూ సున్నా చుడతాము. సున్నా లేకపోతే వేయలేదని అర్థం, సున్నా ఉంటే ఆ డబ్బా ఎవరూ ముట్టుకోకూడదు.

నేత్రవైద్యురాలు, విశాఖ

సిరొంచ వారు రాసినది ప్రతి తల్లీ రెండుసార్లు చదవాలి. మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారే, అదీ వైద్యులు చెప్పిన రోజునే. వేరే రోజు వేసే ఫోలిక్ ఆమ్లం మాత్ర దానికి జోడీ. రెండూ పసుపురంగులో ఉండే అవకాశం ఉంది కాబట్టి రెండింటినీ ఒకే డబ్బాలో పెట్టకండి. రక్తకణాలు, కాలేయం పరీక్షలు వైద్యులు చెప్పిన గడువులో చేయించాలి.

పలాస రైతు

నాది పలాస, సరిహద్దుకు ఇవతలివాణ్ణి. ఒక్క ప్రశ్న. పాపకు అనవసరంగా ఆరు నెలలు టీబీ మందులు మింగించినవాళ్లను ఎవరూ అడగరా?

నేత్రవైద్యురాలు, విశాఖ

అడగవచ్చు. కాని న్యాయంగా చూస్తే, మన ప్రాంతంలో గ్రాన్యులోమా కనబడితే వైద్యుడికి మొదట గుర్తుకు రావలసింది టీబీయే, రాకపోతే అది తప్పు. సూక్ష్మదర్శినిలో ఆ ముద్ద మధ్యలో జున్నులా కుళ్లిన భాగం ఉందా లేదా, క్రిములు దొరికాయా, ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయి అని చూస్తారు. బ్లౌలో ఊపిరితిత్తులు సాధారణంగా చెక్కుచెదరవు, ఒంట్లో వాపును చూపే ఈఎస్ఆర్ లాంటి రక్తపరీక్షలు మామూలుగానే ఉండవచ్చు. అసలు పొరపాటు మందు మొదలుపెట్టడంలో కంటే, రెండు మూడు నెలల తరువాత వాపు తగ్గనప్పుడు మళ్లీ ఆలోచించకపోవడంలో ఉంది.

ఇంకో సంగతి. అడాలిముమాబ్ మొదలుపెట్టేముందు టీబీ లేదని మళ్లీ పరీక్షించాలి. ఈ మందు టీఎన్ఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకుంటుంది, అదే పదార్థం ఒంట్లో నిద్రపోతున్న టీబీని కట్టడి చేస్తుంది. కాబట్టి ఛాతీ ఎక్స్‌రే, మాంటూ పరీక్ష మళ్లీ ఎందుకని విసుక్కోవద్దు. జీవక్రిములతో చేసే టీకాలు ఏవైనా మిగిలి ఉంటే ఆ సంగతీ ముందే మాట్లాడుకోవాలి.

పర్లాకిమిడి అమ్మ

ఇంజక్షన్ ఖర్చు ఆయుష్మాన్ కార్డులో వస్తుందా? మాకు ఒడిశా కార్డు ఉంది, వైద్యం మాత్రం విశాఖలో.

గుణుపురం కుర్రాడు

ఒడిశాలో 2025 ఏప్రిల్‌లో ఆయుష్మాన్ కార్డులు వచ్చాక పక్క రాష్ట్రంలో, ఆ పథకంలో చేరిన ఆసుపత్రుల్లో కూడా అవి చెల్లుతాయి. చిక్కు ఎక్కడంటే, ఆ పథకం ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సకు ఉద్దేశించినది. శుక్లం ఆపరేషన్‌కు అడగవచ్చు. ఇంట్లో వేసుకునే చుక్కలకు, రెండు వారాలకోసారి పొడుచుకునే ఇంజక్షన్‌కు నేను మాత్రం జేబులోంచే పెడుతున్నాను. ఆసుపత్రిలో సామాజిక సేవా విభాగం ఉంటే అక్కడ తప్పకుండా కూర్చోండి. మందు కంపెనీలు కొన్నిసార్లు రోగులకు రాయితీ ఇస్తాయి, ఆ కాగితాలు వాళ్ల దగ్గరే ఉంటాయి.

ఇంజక్షన్ నిలవ గురించి నా అనుభవం. అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి, మా ఇంటి ఫ్రిజ్‌లో రెండు సిరంజిలు ఉన్నాయి. తెల్లారేసరికి వంశధార వీధుల్లోకి వచ్చింది, కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పేవాడు లేడు. మా నాన్న కొత్త మట్టికుండలో తడి ఇసుక పోసి, మధ్యలో స్టీలు డబ్బా పెట్టి, అందులో సిరంజిల అట్టపెట్టెను దించి, పైన తడిగోనె కప్పారు. ఆ ఇసుకను మూడు పూటలా తడుపుతూ కూర్చున్నారు. నాలుగో రోజు కంపెనీ నంబరుకు ఫోను కలిసింది. ఎన్ని గంటలు ఎంత వేడిలో ఉందో అడిగి, ఒకటి వాడమన్నారు, రెండోది వాడే గడువు దాటిపోతుందని పారేయమన్నారు. పారేస్తుంటే నాన్న ముఖం చూడలేకపోయాను.

రైల్లో తెచ్చేటప్పుడు ఐస్‌ముక్కకు సిరంజి తగలకుండా మధ్యలో తువ్వాలు మడతపెట్టండి.

నేత్రవైద్యురాలు, విశాఖ

కుండ ఆలోచన మెచ్చుకోవలసిందే గాని దాన్ని ఎవరూ లెక్కగా తీసుకోకండి. బయట ఎన్ని రోజులు ఉంచవచ్చన్నది ఒక్కో కంపెనీ మందుకు ఒక్కో తీరుగా ఉంటుంది. అట్టపెట్టెలో ఉండే కాగితం పారేయకుండా దాచుకోండి, ఫోను నంబరు కూడా దానిమీదే ఉంటుంది.

సిరొంచ మేనమామ

శుక్లం ఉందంటున్నారు కదా, ఆపరేషన్ వెంటనే చేయించేయకూడదా? చిన్నపిల్లల కంటికి చూపు అలవాటు కావాలంటే ఆలస్యం చేయకూడదని మాకు చెప్పారు.

నేత్రవైద్యురాలు, విశాఖ

రెండూ నిజమే, అందుకే ఇది కష్టమైన నిర్ణయం. కంట్లో మంట ఉండగా కోస్తే ఆ మంట రెట్టింపై కన్ను పాడైపోవచ్చు. అందువల్ల కనీసం మూడు నెలలు కన్ను పూర్తిగా నెమ్మదించాలని చూస్తాము. అదే సమయంలో ఏడేళ్లలోపు పిల్లల్లో మసకగా ఉన్న కన్ను మెదడుకు చూడటం నేర్పదు, ఆ కన్ను బద్ధకంగా మారుతుంది. మంచికన్ను మూసి, బలహీనమైన కంటికి పని చెప్పే కట్టు వేయవలసి రావచ్చు. శుక్లం ఎంత దట్టంగా ఉంది అనేదాన్ని బట్టి ఈ రెండింటి మధ్య దారి తేలుతుంది. అది స్లిట్ ల్యాంప్ ముందు కూర్చున్నవారే చెప్పగలరు.

పర్లాకిమిడి అమ్మ

అందరికీ ఐదు వారాల తరువాత రాస్తున్నాను. జన్యుపరీక్ష ఫలితం వచ్చింది. నాడ్2 జన్యువులో 334వ స్థానంలో ఆర్జినైన్ ఉండవలసిన చోట ట్రిప్టోఫాన్ ఉందని రాసి ఉంది. ఈ జబ్బులో ఎక్కువగా కనిపించే మార్పుల్లో ఇది ఒకటని చెప్పారు. మా ఆయనకూ అదే మార్పు ఉంది. ఆయన కళ్లకు చుక్కలు వేసి చూశారు, కుడికంటి అడుగున ఎప్పుడో మానిపోయిన మచ్చలు రెండు కనిపించాయట, చూపు మాత్రం బాగుంది. ఆయనకు ఏడాదికి రెండుసార్లు చూపించుకోమన్నారు. ఆ రోజు సాయంత్రం బస్టాండులో నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కూర్చుని, "నాన్న నన్ను ఎప్పుడూ చేత్తో తడిమి పోల్చుకునేవాడు" అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు.

బాబుకు రక్తం తీశారు, ఫలితం రావాలి. వాడి ఒళ్లు నునుపుగానే ఉంది, నేను మాత్రం రోజూ స్నానం చేయించేటప్పుడు వేళ్లతో వీపంతా రాసి చూస్తున్నాను.

మా అత్తగారికి డాక్టరుగారి పేరా చదివి వినిపించాను. ఫోటో చూపించలేదు. ఆవిడే తరువాత వెళ్లి దాన్ని గోడమీదనుంచి తీసి, చాలాసేపు చేతులవైపు చూసి, మళ్లీ తగిలించారు. మేనరికం మాట ఆ తరువాత మా ఇంట్లో రాలేదు.

పాపకు మెథోట్రెక్సేట్ మొదలైంది, మంగళవారాలు. క్యాలెండరులో ఎర్రచుక్కలు పెట్టాను. అడాలిముమాబ్ రెండో మోతాదు కూడా అయింది, ఎక్స్‌రే, మాంటూ ముందే చేశారు. చుక్కలు గంటకొకసారి నుంచి రోజుకు నాలుగుకు తగ్గాయి. కంటి ఒత్తిడి కుడివైపు 15, ఎడమవైపు 17 ఉంది, 21 దాటకపోతే మంచిదన్నారు. మణికట్టు వాపు సగం తగ్గి, పూరీపిండి కాస్తా చపాతీపిండి అయింది. ఆపరేషన్ సంగతి మూడు నెలల తరువాత మాట్లాడదామన్నారు.

రాయగడ మాస్టారూ, వచ్చే నెలలో పాపను బడిలో వేస్తున్నాము. ఉపాధ్యాయురాలికి ఇవ్వడానికి మీరు చెప్పిన రెండు ముక్కలు తెలుగులో రాసుకున్నాను గాని, ఒడియాలో రాయడం నాకు రాదు. సాయం చేయగలరా?

రాయగడ మాస్టారు

రాసి మీకు విడిగా పంపాను తల్లీ. "అంటుకోదు" అన్న వాక్యం కింద రెండు గీతలు గీశాను. మందు పేరు దగ్గర ఖాళీ వదిలాను, మారినప్పుడల్లా నింపుకోండి.